ఒక్క చీనీకాయ

టన్ను నాలుగువేలకు దిగిన రోజు
అనంతపురం యార్డు నుంచి తిరుగు ట్రాక్టర్లు
నార్పల రోడ్డు వారన తొట్లెత్తి పోయినాయి.
కోతకూలి కూడా రాని కాయ, పచ్చగా, గుట్టలుగా.
ఈగలకన్నా ముందు
పశువులు వాలినాయి దాని మీద.

నాకు ఫోను వచ్చేసరికి పన్నెండు దాటింది.
దూదేకుల కుళ్లాయమ్మ.
మాట లేదు, ఎగశ్వాస ఒకటే.
ఆయాసపడేది ఆమెనా, ఆవునా అని
కాసేపు అర్థం కాలా.

బండి మీద పదకొండు కిలోమీటర్లు.
సంచిలో ట్రోకారు, రబ్బరు గొట్టం, అయోడిన్ సీసా,
నోటికి అడ్డం పెట్టే వేపకట్టె.
నేను డాక్టర్ని కాను, గోపాలమిత్రని.
ఎదకొచ్చిన ఆవులకు సూదులేసే చేయి,
ఏ కాగితం మీదా సంతకం చెల్లని చేయి.

కొట్టం ముందర జనం.
ఆవు మెడ చాపి నిలబడింది,
జొల్లు తాడు మాదిరి నేలదాకా.
ఎడమ డొక్క వీపుకన్నా పైకి లేచింది,
వేలితో కొడితే తప్పెట మాదిరి మోగుతాంది.

ఒకాయన చేతిలో చెరుకుగడ: "లోపలికి తోసేద్దాం."
ఇంకొకాయన చేతిలో నూనె సీసా: "తల పైకెత్తి పట్టండప్పా."
"ఎత్తొద్దు!"
నా గొంతు అంత పెద్దదని
అరిచినాకే నాకూ తెలిసింది.
గడ గొంతును చించుతుంది,
నూనె ఊపిరితిత్తులకు దోవ పడుతుంది.
దించండి తల. దించండి.

హిమబిందు మేడం శింగనమల అవతల
అడ్డం తిరిగిన దూడ దగ్గరుంది.
"ఎంత ఉబ్బింది? నిలబడి ఉందా?
నిలబడి ఉంటే..."
సిగ్నలు అక్కడ తెగింది.
ఆ సగం మాట చెవిలో పెట్టుకోని నేనుండగానే
ఆవు మోకాళ్ల మీదికి వచ్చింది.

పోయినేడు రామాంజి ఎద్దు దగ్గర
ఇట్లే డాక్టరు కోసం కాచుకున్నాం.
డాక్టరు వచ్చినాడు.
ఎద్దే ఆగలా.

కడపటి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ
ఆకలైనప్పుడు గుంటపడే చోటు ఒకటుంది.
ఇప్పుడది గుట్ట.
వెంట్రుకలు గీకినా, మందు రాసినా,
మొనను కుడి ముందుకాలి మోచేతి దిక్కు పెట్టి
అరచేత్తో కొట్టినా.

తోలు తెగిన చప్పుడు నాకొక్కడికే వినబడింది.
మొన పెరికితే గొట్టంలోంచి గాలి,
పులిసిన చీనీల వాసనతో,
మూట దించినోని నిట్టూర్పు మాదిరి, తెగకుండా.
బొటనవేలు అడ్డం పెట్టి
కొంచెం కొంచెంగా వదిలినా.
ఒక్కసారే ఖాళీ అయితే తట్టుకోలేదది.

డొక్క దిగింది.
కాయ మాత్రం అక్కడే.

వేపకట్టె అడ్డం పెట్టినా.
కుళ్లాయమ్మ తువ్వాలతో నాలుక పట్టి పక్కకు లాగింది.
బయట ఆమె కోడలు, జొన్నరొట్టె తట్టే అరచేతులతో
మెడలోని ఆ గుండ్రాన్ని
కిందనుంచి పైకి, పైకి.
లోపల మోచేతి దాకా నేను.
వెచ్చన, చీకటి.
దవడపళ్లు నా కణుపుల్ని చెక్కుతాండాయి.
వేలికొసకు నున్నగా తగిలింది. జారింది.
మళ్లీ తగిలింది. జారింది.
"ఇంకొంచెం, పాపా. ఇంకొంచెం."

వచ్చింది.
పిడికిట్లో ఒక్క చీనీకాయ, జొల్లుతో మెరుస్తా.
పై పళ్లు లేని జాతి, గాటైనా పెట్టలా.
తొడిమ కాడ ఆకు కూడా అట్లే ఉంది.
"మొదటి రకం" అన్నాడు ఎవరో.
నవ్వాల్నో వద్దో ఎవరికీ తెలీలా.

కుళ్లాయమ్మ కాయ దిక్కే చూడలా.
ఆవు ముక్కు కాడ చేయి పెట్టి
లోపలికి, బయటికి,
లెక్క పెట్టుకుంటా ఉండిపోయింది.

ఫోను మోగింది.
"నిలబడి ఉంటే నోట్లోంచి గొట్టం వేసి చూడు.
పడిపోతే నాకోసం ఆగొద్దు."
పడింది మేడం, అన్నా. ఆగలా.
అప్పుడు వణికినాయి నా చేతులు.

డబ్బులొద్దంటే
వాళ్ల తోట చీనీకాయలే
సంచి నిండా బండికి తగిలించింది కోడలు.

తిరుగు దారిలో గుట్ట కాడ
ఇంకో రెండు పశువులు.
తరిమినా. అవి మళ్లీ రాకపోతాయా.
పక్క చేనాయన్ని కొడవలి అడుక్కోని కూర్చున్నా.
ఒక్కో కాయ నాలుగు ముక్కలు.
పళ్లు చెక్కిన కణుపుల్లో
రసం చురుక్కుమంటాంది.

ఎంత కోసినా గుట్ట గుట్టే.
వెనక ఏదో ట్రాక్టరు
వేగం తగ్గిస్తాంది.