అల్లిపురంలో ఫ్రెంచి సిపాయి

వాల్తేరు అప్‌లాండ్స్‌లో కూల్చేస్తున్న బంగళా నుంచి
ఆటోలో వచ్చాడతను,
పాత దుప్పటి చుట్టుకుని,
కొబ్బరితాడుతో రెండు చోట్ల కట్టేయించుకుని.

వెనకాల అట్ట మీద ఫ్రెంచి రాతలు,
చెదలు తినగా మిగిలినవి.
నాకు తెలిసింది అంకెలొక్కటే:
పద్దెనిమిదివందల డెబ్భై నాలుగు.

మన ఉప్పుగాలి కనీసం అరవయ్యేళ్లు నాకినట్టుంది.
వార్నిషు బెల్లంపాకంలా ముదిరిపోయింది.
దూదిపుల్ల నోట్లో తడుపుకుని
(మందులకంటే ఉమ్మే మేలని నాన్న నేర్పాడు)
గోరంత, గోరంత, తుడుస్తూ పోయాను.
సోమవారం ఒక మోకాలు.
మంగళవారం బురద.
బుధవారం కరెంటు లేదు.
గురువారానికి మొహం బయటపడింది.
ముసలాడనుకున్నాను గానీ
ఆ మీసం కింద పాతికేళ్లు కూడా లేవు.

రాతిగోడ వారన కూలబడ్డాడు.
ఒక బూటు విప్పాడు, రెండోది విప్పే ఓపిక లేదు.
ఎర్ర ప్యాంటు మోకాళ్ల దగ్గర
ఇటుకపొడి రంగుకి దిగింది.

ఆ సాయంత్రం
డాబాగార్డెన్స్ ఏటీయంలో రాత్రి డ్యూటీకెళ్తూ
దాలినాయుడు టీ గ్లాసుతో నా గుమ్మంలో ఆగాడు.
పదిహేడేళ్లు మిలట్రీ.
ఎడమకాలి వేళ్లు రెండు మంచులో వదిలేసి వచ్చాడు.
చాలాసేపు చూశాడు. టీ మీద మీగడ కట్టింది.

"అలిసిపోయాడు, పాపం" అన్నాను.

"అలుపు కాదు తల్లీ,
తుపాకీ ఎక్కడెట్టాడో సూడు."

చూశాను.
నాలుగు రోజులుగా తుడుస్తున్నానే గానీ చూడలేదు.
గోడకి ఆ చివర, గడ్డిలో,
చెయ్యి చాపినా అందనంత దూరాన.

"నిద్దర్లో కూడా దాని పట్టీ
మణికట్టుకి సుట్టుకునే తొంగుంటాం.
అంత దూరంలో పెట్టీసినాడంటే
యుద్ధమన్నా అయిపోవాల,
ఈడన్నా అయిపోవాల."

గ్లాసు కడిగి, బోర్లించి, వెళ్లిపోయాడు.

శనివారం బంగళావారి కోడలు వచ్చింది.
కొత్త ఫ్లాటులో సోఫా పైన పెడతారట.
బంగారు ఫ్రేము.
"ఆ బురద కూడా తీసేస్తే కాస్త కళగా ఉంటుంది కదా?"
అది మురికి కాదండీ, రంగే,
వేసినవాడు కావాలనే వేశాడన్నాను.
నమ్మలేదు. రెండు వందలు తగ్గించి ఇచ్చింది.

ఆ రాత్రి షట్టరు దించి
స్కూటీ మీద వెళ్తుంటే
సముద్రం వైపు నుంచి చినుకులు మొదలయ్యాయి.
ఏటీయం అద్దాల ముందు ప్లాస్టిక్ కుర్చీలో
దాలినాయుడు, గెడ్డం ఛాతీకి ఆనించి.
ఎడమ బూటు విప్పి పక్కన పెట్టుకున్నాడు.
దాన్లోకి వాన పడుతోంది.

బండి ఆపలేదు, నెమ్మది చేశానంతే.
గోడ వైపు చూశాను, మెట్ల కింద చూశాను,
లాఠీ ఎక్కడుందా అని.

మణికట్టుకే ఉంది.
తాడు రెండు పేటలు చుట్టి.