బరువుల లెక్క

గెస్ట్‌హౌస్ రిజిస్టర్లో మొదటి పేజీ చెదలు తినేసినాయి.
రెండో పేజీ నుంచీ అన్నీ దొరల పేర్లే,
వచ్చిన తేదీ, పోయిన తేదీ,
గాలి బాగుందని ఒకాయన సంతకం.

మా అబ్బ గంగులప్పకు చదువు రాదు.
ఆయన లెక్క ఎడమ భుజమ్మీద ఉండేది,
చింతపిక్కంతగా మొదలై
జామకాయంత అయిన కాయ.
దాన్ని తడుముకుంటా చెప్పేవాడు:
సర్వే దొర, రెండు బస్తాల శెనిక్కాయలు.
ఆయన భార్య ఒక బస్తా, తడిసింది.
మదరాసు వకీలు, మనిషి తేలికే,
మాటలే బరువు.

అప్పుడు గాలిబండంటే పదకొండు గుడిసెలు,
ఒక ఊట, నాలుగు కుంచాల రాగిచేను.
కింద చిత్తూరు పెనం మాదిరి కాగతా ఉంటే
మా ఊరి చలి అమ్ముడుబోయే సరుకని
మాకెవురూ చెప్పలేదు.
కంబళి కప్పుకోని దాన్ని తిట్టుకుంటా ఉన్నారు మావోళ్ళు.

ఒక ఏడు తొట్టి వచ్చింది.
తెల్ల పింగాణీది, సింహం కాళ్ళది.
ఎనిమిదిమంది, మూడు పగళ్ళు.
జారుడుబండ మలుపులో మునెప్ప కాలు తప్పితే
"తొట్టి! తొట్టి!" అని అరిచినారంట వెనకనుంచి.
మునెప్ప చచ్చేదాకా కుంటినాడు.
తొట్టికి గీత కూడా పడలేదు.

దాన్ని నింపను నలభై కడవలు.
మా జేజి సుంకులమ్మ మోసిన నీళ్ళలో మునిగి
దొరసాని పాట పాడేదంట.
జేజికి ఆ రాగం పోలేదు.
రాగులిసురుతా అదే తీసేది,
మాటల్లేకుండా.

తర్వాత మట్టిరోడ్డు.
మొదటి మోటారు ఎక్కొచ్చిన దినం
ఊరంతా దండేసి టెంకాయ కొట్టింది,
డోలీ మోసేవాళ్ళు కూడా.
సాయంత్రం కర్రల్ని సూరు కింద ఆనించి
ఒకరి మొగం ఒకరు చూడకుండా సంగటి తిన్నారు.

ఇప్పుడా గెస్ట్‌హౌస్‌కు నేను వాచ్‌మన్.
శనివారాలు బెంగళూరు కార్లొస్తాయి.
జేజి చింతపండు ఎండేసిన బండకు
కమ్మీలు కట్టి వ్యూ పాయింట్ అని రాసినారు.
ఏమేం కనిపిస్తాయని అడుగుతారు.
అదో చెరువు, అదో రైలుకట్ట అంటాను.
డోలీలెక్కిన దోవ మాత్రం కనిపించదు,
కంప కమ్మేసింది.

తొట్టి ఇంకా ఉంది, వంటింటి వెనకాల.
దూడలకు అందులోనే కుడితి పోస్తాం.
నిన్న కడిగి బోర్లించబోతా ఉంటే
ఒక పాప ఎక్కి కూచోని
"అంకుల్, ఇది ఎవరిది?" అనింది.

ఎవరిదని చెప్పాలో తెలీక
కొళాయి తిప్పినాను.