వంటింటి నాలుగో గోడ

మా వంటింటికి మూడు గోడలే కట్టాం.
నాలుగోది గుణదల కొండ.
నూట పన్నెండు మెట్లు ఇటుకలు మోయలేక
మామగారు రాయికే ఆనించి రేకులు దించారు.
ముసురు పట్టిన రోజుల్లో దానికి చెమట పోస్తుంది,
మసిగుడ్డతో తుడుస్తాను.

మొన్న యూనివర్సిటీ నుంచి నీలవేణి అని ఓ పిల్ల వచ్చింది,
చేతిలో సుత్తి, మెడలో భూతద్దం.
"అక్కా, మీ గోడ ఒకసారి చూడనిస్తారా?"
ఇంతవరకూ కొలవడానికే వచ్చారు
కార్పొరేషన్ వాళ్లు.
చూస్తానన్నది ఈ పిల్లే.

పోపుల డబ్బా జరిపాను.
ఇది బురద, అంది. సముద్రం అడుగు బురద.
ఖండాలు ఒరుసుకుని
పాతిక కిలోమీటర్ల లోతుకి తొక్కేశాయట.
అక్కడ ఉడికి, కరిగీ కరగక
తెల్లచారలు దేరిందట.
మడతపడి, ఆ మడత మళ్లీ మడతపడి...
కింద సెంటర్లో పరోటా మాస్టరు
చుట్టిన ముద్దని మళ్లీ ఒత్తడూ, అలాగ.
కందిబద్దల్లాంటి ఈ ఎర్రటివి గార్నెట్లట,
అంత నొక్కుడులో పుట్టినవి.

ఎన్నాళ్లయింది?
నూట అరవై కోట్ల ఏళ్లు, అటూ ఇటూగా.
పాలు పొంగుతుంటే స్టవ్ కట్టేశాను.

గోరుతో గీరితే వేలికి నల్లగా అంటింది.
ఇన్నేళ్లూ నా పొయ్యి మసే అనుకున్నా.
కాదక్కా, పెన్సిల్లో ఉండేదే,
ఆ బురదలో బతికి చచ్చిన నాచు.
ఆ వేలు చాలాసేపు కడుక్కోలేదు.

మరి పైన బరువేది? అన్నాను.
పైనున్న కొండలన్నీ అరిగిపోయాయి.
బరువు పోయింది, వంపు ఉండిపోయింది.

అప్పుడే మా ఆయన వచ్చాడు,
ఎదురింట్లో గ్యాస్ బండ దింపి.
ఇరవై రెండేళ్లుగా ఈ మెట్ల మీద బండలే.
భుజం మీద నిమ్మకాయంత కాయ,
బండ దించినా ఆ భుజం పైకి లేవదు.
ఆ పిల్ల ఆయన్నీ చూసింది, గోడనీ చూసింది.
ఇద్దరికీ మజ్జిగ ఇచ్చాను.

వెళ్లేముందు దిక్సూచి డబ్బా రాయికి ఆనించి
పుస్తకంలో ఏదో అంకె రాసుకుంది.
రాయి పడుతుందా, అమ్మా?
పొరలు ఇటే వాలి ఉన్నాయక్కా, అంది.
కాసేపాగి,
మంచం ఆ మూలకి వేసుకోండి, అంది.

రాత్రి వాన పట్టుకుంది.
మంచం జరిపాం. కుడిపక్కకి ఒత్తిగిలలేడు కదా,
కొండకి వీపు పెట్టి పడుకున్నాడు.
నేను లేచి గోడ మీద చెయ్యి వేశాను.
ఇంకా వెచ్చగానే ఉంది.
పొయ్యి వేడే అయి ఉంటుంది.