నూరు కోళ్ల సీసా

నాకున్నయి ఏడు కోళ్లు.
సీసాల ఉన్నది నూరు కోళ్ల మందు.
సగం ఇయ్యరట, పావు ఇయ్యరట,
మూత తీసినంక రెండు గంటలేనట,
ఆ పైన అది ఉత్త నీళ్లట.
పసుల దవాఖాన కాంపౌండర్ ఇంత చెప్పి
చాయకు పోయిండు.

డెబ్బై రూపాయలు. తలకు పది.
పది రూపాయలంటే
నా ఏడింటికి ఒక పూట తవుడు.

మక్కలు నేను కొనను.
ఏనుమాముల మార్కెట్ల లారీలు నిండినంక
చీపురు నాది, నేల మీద రాలిన గింజ నాది.
కొంగుల మూట కట్టి గేటు దాటంగ
వాచ్‌మన్ సారంగం అటు దిక్కు చూస్తడు.
ఆ చూడకపోవుడుకు నెలకు రెండు గుడ్లు.

గూడు కూడ కొన్నది కాదు.
ఖరాబైన కూలర్ డబ్బ, ముంగట జాలీ,
పైన ఎవరో లీడర్ పుట్టినరోజు ఫ్లెక్సీ.
జోడించిన చేతులు వానకు తడుస్తయి,
కింద కోళ్లు తడువయి.
ఆయన గెలిచిండో ఓడిండో నాకు యాదికి లేదు.

"అమ్మా, మన కోడి గుడ్డు మనం తినమా?"
రవళి అడుగుతాంది.
నాటుగుడ్డు పన్నెండు, దుకాణంల తెల్లగుడ్డు ఆరు.
ఒకటి అమ్మితే రెండొస్తయి బిడ్డా, అంట.
రెండో తరగతి పిల్ల, కూడికలొచ్చు.
అయినా తెల్లగుడ్డు ఒలుచుకుంట
గూటి దిక్కే చూస్తది.

పోయిన ఎండకాలం కొక్కెర తాకింది.
మూడు దినాలల్ల పదకొండు.
మెడలు తిరిగిపోయి, పచ్చగ పారుకుంట,
ఎర్రపెట్ట నన్ను ఎతుక్కుంటొచ్చి
కాళ్ల మీద పడ్డది.
గుంత తవ్వి, సున్నం చల్లి పూడ్చిన.
కోడికి ఏడుస్తాందని నవ్వుతరని
పొయ్యి ముంగట కూసొని ఏడ్చిన,
పొగ ఉంటది గద.

అందుకే కొన్న సీసాను.
జాహెదా చాయ ఫ్లాస్కు ఇచ్చింది,
చేపల రాజేశం పిడికెడు ఐసు పోసిండు.
నూరు కోళ్ల ప్రాణం
చాయవాసన, చేపవాసన నడుమ కూసొని
ఆటోల ఇంటికొచ్చింది.

పొద్దుగూకి కోళ్లు గూట్లె చేరినంక
మూత తీసిన. ఇగ ఉరుకుడే.
కొంరవ్వా, నీయి ఎన్ని?
మూడు, ఒకటి పొదుగుతాంది.
పొదిగేదాన్ని గూడ తే.
అంజుమ్ బీ, నీ బాతుకు కాదు, కోడికే.
తలకు రూపాయి.
కొందరు ఇచ్చిన్రు, కొందరు రేపన్నరు,
ఒకామె రూపాయి లేదని దోసెడు నూకలు పోసింది.

రెక్కలు ఒడిసి పట్టాలె,
ఒక్క కంట్ల ఒక్కటే చుక్క.
కోడి కన్ను మూసి తెరిచేదాక విడువొద్దు.
రవళి ఫోన్ లైటు పట్టింది,
లెక్క గూడ ఆమెనే.
నలభై ఆరు, నలభై ఏడు...

నలభై ఎనిమిదో దాన్ని చంకల పెట్టుకొని
భూదేవి నిలవడ్డది.
రెండేండ్లాయె మాట్లాడక.
నా పుంజును కూరొండుకున్నదని నేను,
అది దానంతట అదే తప్పిపోయిందని ఆమె.
చంకలున్నది పడుచు పుంజు.
అదే వంకర గోరు,
అదే తురాయి, ఎడమకు వాలి.
ఆమె చూసింది నేను చూసుడును.
ఇద్దరం ఏమనలేదు.
కంట్ల చుక్క ఏసిన. రెప్ప కొట్టింది.

రెండు గంటలు అయిపోయేసరికి అరవై మూడు.
ఇంక ముప్పై ఏడు కోళ్ల మందు సీసాల మిగిలింది,
ఆ ముప్పై ఏడు ఎవరింట్ల ఉన్నయో.
చేతికి వచ్చినయి నలభై ఒక్క రూపాయి.
ఇరవై తొమ్మిది నా మీదనే పడ్డది.
ఏడింటికి ఇరవై తొమ్మిది,
ఏం నష్టం కాదు.

తెల్లారి జాలీ తీద్దునని పోతే
ఫ్లెక్సీ మీద, జోడించిన చేతుల నడుమ,
ఒక గుడ్డు.
నా పెట్టలు పైకెక్కి పెట్టయి.
అమ్మకానికి తియ్యలె, లెక్కల రాయలె.
ఉడకేసి, ఉప్పు అద్ది రవళికిచ్చిన.

మెల్లగ నమిలింది, కండ్లు మూసుకొని.
"ఎట్లున్నదే?" అన్న.
"గుడ్డు లెక్కనే ఉన్నది" అన్నది.