ఒంటిగొట్టం

నవంబరు. బతికే ఉన్నానని చెప్పడానికి
గుంటూరు బ్రాడీపేటలో బ్యాంకుకెళ్లాను.
యంత్రం నా బొటనవేలిని ఒప్పుకోవడం లేదు.
ముప్పై రెండేళ్లు బస్సులో టికెట్లు చింపిన వేలు,
గీతలన్నీ చిల్లర నోట్లకే అంటిపోయాయి కాబోలు.
"కాసేపు కూర్చోండి, మళ్లీ చూద్దాం" అంది ఆ అమ్మాయి.

కూర్చున్నాను.
తలుపు పక్కన స్టూలు మీద గార్డు,
గార్డు మోకాళ్ల మధ్య
అది.

ఒంటిగొట్టం. పన్నెండు బోరు.
సుత్తి బయటికే ఉంది, కుక్కచెవిలా వెనక్కి వంగి.
ఇంత దగ్గరగా చూసి అరవయ్యేళ్లు.

మిషన్ స్కూల్లో డ్రాయింగు చెప్పే
రత్నాకరం మాస్టారికి ఉండేది ఇలాంటిది.
శనివారం చీకటితోనే సైకిలెక్కించేవారు,
ముందు కడ్డీ మీద నేను,
నా ఒళ్లో పాత చీర చుట్టిన తుపాకీ,
ఆయన జేబులో నాలుగే నాలుగు తూటాలు.
ఎర్ర కాగితం ఒళ్లు, ఇత్తడి మడమలు.
చెమ్మ తగిలితే ఉబ్బి గొట్టంలో దూరవని
వాళ్లావిడ వాటిని బియ్యం డబ్బాలో దాచేది.
ఓసారి ఒకటి ఎసట్లో పడబోయిందని
వీధంతా చెప్పుకున్నారు. అబద్ధమే అయ్యుండాలి.

నల్లమడ వాగు గట్టున, జమ్ములో,
మొలలోతు చలి.
పరజలు దిగేవి, పైనుంచెవరో
గుప్పెడు కందులు విసిరినట్టు.
మాస్టారి నోట్లో పొగాకు నమలడం ఆగేది.
రెండో గొట్టం లేదు.
తప్పితే
మడత విప్పి, ఖాళీది లాగి, కొత్తది తోసి, మూసేలోగా
వాగు వాగంతా ఖాళీ.
"పోనీలేరా, ఇవాళ వాటి రోజు" అనేవారు,
బొమ్మ చెడగొట్టుకున్న పిల్లాడి కాగితం వైపు చూసినట్టే.

తప్పకపోతే నేను నీళ్లలోకి.
ఒకసారి పిట్ట ఇంకా వెచ్చగా కొట్టుకుంటుంటే
ఏం చెయ్యాలో తెలీక చొక్కాలో దాచుకున్నాను.
ఇంటికొచ్చేదాకా ఏది నా గుండో, ఏది దానిదో.
ఆ సంగతి మాస్టారికి చెప్పలేదు.

నా జీతం ఒక ఖాళీ తూటా.
ముక్కుకు పెట్టుకుంటే కాలిన మందు వాసన,
పెదవికి ఆనించి ఊదితే రైలు కూత.
తెనాలి వైపు పోయే బండి నాకే బదులిచ్చిందని
ఒక ఏడాది నమ్మాను.

ఎన్నికలొస్తే దాన్ని స్టేషన్లో అప్పగించాలి.
తుపాకీకంటే రసీదునే జాగ్రత్తగా మడిచేవారాయన.
కళ్లకు పొరలొచ్చాక
బెజవాడ వన్‌టౌన్లో ఆయుధాల కొట్టుకు అమ్మేశారు,
సైకిలుకు వచ్చినదానికంటే తక్కువకి.
కొట్టువాడు గొట్టంలోకి చూసి పెదవి విరిచాడట.
చెక్క చీలిన చోట నేను చుట్టిన రాగి తీగకి
పది రూపాయలు తగ్గించాడట.

అందుకే ఇప్పుడు వంగి ఆ చెక్క చూశాను.
తీగ లేదు. చీలికా లేదు.
అది కాదు.
కాకపోతేనేం అనుకోబోయాను గానీ
అనుకోలేకపోయాను.

"ఏం పెద్దాయనా, అంతలా చూస్తన్నావ్?"
పేరు అంకమరావట, ఊరు కాకుమానట.
ఎప్పుడైనా పేల్చావా అంటే నవ్వాడు.
"తూటాలు మేనేజరు సొరుగులో,
తాళం ఆయన మొలతాడుకి."

భోజనాల వేళ జనం పల్చబడ్డాక
అటూ ఇటూ చూసి మడత విప్పి నా చేతికిచ్చాడు.
గొట్టంలోకి చూశాను.
అవతలి చివర, గుండ్రంగా కత్తిరించినట్టు,
టోకెన్ నంబరు ఎర్రగా మారుతోంది.
వాసన చూశాను. మందు కాదు,
కుట్టుమిషను నూనె.
పరజ ఒక్కటీ లేదు.

నన్ను పిలిచారు.
వేలు పెట్టాను. ఈసారి వెంటనే పచ్చదీపం.
"చూశారా, పడింది!" అంది అమ్మాయి.
తర్వాత ఆ చిన్న అద్దం తుడుస్తూ
ముక్కు చిట్లించింది,
"ఏంటండీ చేతికి, ఈ నూనె?"