సోమవారం రేకు, గురువారం రేకు

హెర్మోహెనెస్ దాన్ని టీ ఫ్లాస్కులో తెచ్చాడు.
తడి నాచులో చుట్టి, మూత వదులుగా పెట్టి,
కంచరగాడిద మీద నాలుగు గంటలు,
ఆపైన లోహా పట్నం దాకా బస్సులో, ఒళ్ళో పెట్టుకుని.
"పక్కసీటావిడ ఒక గుక్క కాఫీ పొయ్యమంది" అన్నాడు.

మూత తీస్తే ఆండీస్ మబ్బు వాసన.
వంకాయ ముదురులో మూడు తోకలు,
నడుమ పుట్టగొడుగు వేషం కట్టిన చిన్న పెదవి.

నాకున్నది మూడు రోజులు.
ఎవరూ చెప్పలేదు, పువ్వే చెప్పింది,
తోక చివర పెట్టుకున్న గోధుమరంగు చుక్కతో.

ముందు కొలతలు.
డివైడరు ముళ్ళు రెండూ రేకును తాకకుండా రేకు మీద నిలవాలి,
నిద్రపోయే బిడ్డ ఊపిరి చూసే వేలిలాగా.
తర్వాత పెన్సిలు, గీత ఉందా లేదా అన్నంత.
ఆ తర్వాతే నీళ్ళు.

ఆకుపచ్చను ట్యూబులోంచి పిండను.
అడవిలో ఏ ఆకూ అంత పచ్చి అబద్ధం ఆడదు.
నీలంలోకి పసుపు, అది మరీ మిడిసిపడితే
కుంచె మొనతో కాస్త ఎరుపు.
తెలుపు నా పెట్టెలోనే లేదు.
తెలుపంటే నేను ముట్టుకోని కాగితం.
ఇరవై రెండేళ్ళుగా నేర్చుకుంటున్నది
ఎక్కడ ఆగాలో, అంతే.

మంగళవారం మధ్యాహ్నం
నీళ్ళనుకుని కుంచెను ఓర్చాతా గ్లాసులో ముంచాను.
మా ఊరి ఓర్చాతా ఎర్రన, బోలెడు మూలికల కషాయం.
చూసుకునేసరికి పువ్వు గొంతులో ఒక లేత ఎరుపు.
తుడవబోయి, భూతద్దం అందుకున్నాను.
అక్కడ ఆ ఎరుపు నిజంగానే ఉంది.
నా కంటికంటే ముందు నా దాహానికి కనిపించింది.

బుధవారం తెల్లారేసరికి
కుడి తోక, కుర్చీ మీద విడిచిన మేజోడులా వేలాడుతోంది.
సగం బొమ్మ. సగం పువ్వు.
దోన్యా ఒట్టీలియా కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
నాచును వేలితో విడదీసి
"కంగారు పడకు, మొగ్గ ఉంది" అంది.

గురువారం విచ్చుకుంది.
అదే తల్లి, అదే వేరు, అదే ఫ్లాస్కు.
మచ్చలు మాత్రం వేరు.
సోమవారం పువ్వుకి కుడి రేకున పదిహేడు లెక్కపెట్టాను,
దీనికి ఇరవై ఒకటి,
పైగా దీనికి కాస్త తల వాల్చే అలవాటు.
"అయితే ఏం?" అంది ఒట్టీలియా,
"మనకి కావాల్సింది వంశం, ముఖం కాదు.
అన్నట్టు ఆ ఆకు మీద పురుగు కొరికింది చూడు,
దాన్ని బాగుచేసి వెయ్యి."

ఎడమ రేకు సోమవారానిది,
కుడి రేకు గురువారానిది,
గొంతు మంగళవారపు పొరపాటుది.
ఆ పువ్వు ఏ మానునా పూయలేదు.
ఏ ఈగా దాని మీద వాలి మోసపోలేదు.

పూసినవి రెండూ ఇక్కడే ఉన్నాయి.
ఒకటి సీసాలో, రంగంతా సారాకి ధారపోసి
నానిన ఉల్లిపొరలా.
ఒకటి పాత పేపరు మడతలో, బరువు కింద,
ఏదో ఫుట్‌బాల్ స్కోరుని ఊదా చేస్తూ.

ఆకుని మాత్రం బాగుచెయ్యలేదు.
కాటు పడిన చోట కాగితాన్ని అలాగే వదిలాను.
"చెరిపెయ్యలేదేం?" అని ఒట్టీలియా.
ఖాళీని ఎలా చెరపమంటారు?
"నింపు మరి."
రేపు, అన్నాను. ఆమె తలుపు వేసుకుని వెళ్ళింది.

మరునెల హెర్మోహెనెస్ వచ్చాడు, బురద బూట్లు గుమ్మంలోనే విడిచి.
పువ్వు ముందు ఎంతసేపు నిలబడతాడా అని చూశాను.
పువ్వుని చూడనే లేదు.
కింద, ఆ నెలవంక కాటు దగ్గర
వేలు కాగితానికి తగలకుండా ఆపి
"ఇదే" అన్నాడు.
"వాగు దాటాక, వాలిన చెట్టు, రెండో కొమ్మ.
ఇదే, నేను తెచ్చింది."

అతను వెళ్ళాక పెన్సిలు చెక్కి
అట్టడుగున చిన్న గీత గీశాను:
ఒక సెంటీమీటరు.