ధర్మాసుపత్రి జీపు

ఉదయగిరి నుంచి ఊటుకుంట సంఘానికి
రాళ్ళ మీద రాసింది ఇరవై ఆరు కిలోమీటర్లు.
అది పోయేటప్పటి లెక్క.
వచ్చేటప్పుడు నేను నొప్పుల్లో కొలుస్తాను.
తంగేడు గుట్ట దగ్గర నొప్పికీ నొప్పికీ మధ్య
బీడీ కాల్చేంత సందు.
గండిపాలెం కట్ట కనపడేసరికి
అగ్గిపుల్ల గీసేంత.
ఆపైన సందుండదు.

పదకొండేళ్ళుగా స్టీరింగు నాది.
జీపు ధర్మాసుపత్రిది.
డీజిలు డబ్బులు, గూడూరు వైపు మైకా గనుల్లో గడించిన
ముసలాయనెవరో చనిపోయిన భార్య పేరిట పంపిస్తాడంటారు.
ఆమెకి పిలకాయల్లేరంట.
నాకంతే తెలుసు.

వెనక సీటుకి రబ్బరు గుడ్డ, దానిమీద పాత దుప్పటి,
దుప్పటి మీద ఎవరో ఒకరు.
"నువ్వు రోడ్డు చూడు నాయనా, ఇటు సంగతి నాది"
అని మొదటిరోజే నర్సు రాహేలమ్మ
అద్దాన్ని పైకి తిప్పేసింది.
అప్పట్నుంచి నా అద్దంలో ఎప్పుడూ
చిరిగిన జీపు టాపే.

అందుకని చెవులతో నడుపుతాను.
చక్రం గోతిలో దిగినప్పుడు వెనకనుంచి తిట్టు,
నన్నూ, మా అబ్బనీ, రోడ్డేసిన కంట్రాక్టరునీ కలిపి.
అది మంచి శకునం.
తిట్టే ఓపికున్న మనిషి చేరుతుంది.
మాట వినపడకపోతేనే
నాకు కాళ్ళు చల్లబడతాయి.

ఒకసారి సీతారాంపురం దాటాక
వెనక సద్దు ఆగింది.
"నిదానంగా పోనీ" అంది రాహేలమ్మ.
ఎప్పుడూ తొందరపెట్టే మనిషి.
ఆ రాత్రి ప్రతి గుంతనీ
నిండు కడవ మోసినట్టు దాటించాను,
ఎందుకో అడక్కండి.
తెల్లారి సీటు కడుగుతుంటే
రెండు గాజుముక్కలు, పచ్చవి.
ఎక్కడ పారేయాలో తెలీక
పానాల డబ్బాలో పెట్టాను.
ఇంకా ఉన్నాయి.

తుపాకుల పోలమ్మది కార్తీకంలో, ముసురులో.
వాగు రోడ్డెక్కి పారతా ఉంది.
ఈ గట్టున మేము.
అవతల ఎక్కడో దుర్గం కొండ మీద మెరుపు.
లైట్లు ఆర్పొద్దంది రాహేలమ్మ.
"బ్యాటరీ దిగిపోద్దమ్మా" అంటే
"ముందు బిడ్డని దిగనీ, తర్వాత నెట్టుకుందాం" అని
టార్చి నా చేతికిచ్చి
భుజం మీదుగా వెనక్కి పట్టమంది.
మొహం వాగు వైపు, చెయ్యి కాన్పు వైపు.
అట్లా ఎంతసేపో.
చెయ్యి కొయ్యబారింది.
పోలమ్మ కొండని నెట్టినట్టు అరుస్తోంది.
ఉన్నట్టుండి ఇంకో గొంతు,
చిన్నది, బలే కోపంగా.
మణికట్టు మీద వెచ్చగా ఒక చుక్క పడింది.
ఏందని అడగలేదు.
ఎదురుగా అంత వానున్నా కడుక్కోనూ లేదు.

తెల్లవారుజామున వాగు తీసింది.
ఆసుపత్రి మెట్ల దగ్గర
"జీపుకెంతబ్బయ్యా?" అంది వెనకనుంచి.
"ఏం లేదమ్మా."
"ఏం లేకుండా ఎట్టబ్బా" అని నమ్మలేదు.
సీటు సందులో కుక్కిన పది రూపాయల నోటు
నెలకి గానీ నాకు దొరకలేదు.
మడతల్లో పసుపు.

మొన్న సంతలో
చింతపండు దగ్గర ఎవరో బేరమాడతా ఉంటే ఆగిపోయాను.
ఆ గొంతు నాకు తెలుసు.
మొహం చూడ్డం ఇదే:
ముక్కు పక్కన పుట్టుమచ్చ,
నేననుకున్నదానికన్నా బాగా చిన్న వయసు.
చంకలో పిల్ల, చేతిలో సగం నాకిన బెల్లంముక్క.
ఆమె నన్ను చూసింది.
చూసి, "కొంచెం జరుగబ్బయ్యా" అంది.

నేనెవరో ఎట్లా తెలుస్తుంది?
ఆమెకి తెలిసింది నా మెడ,
నా చొక్కా వీపున కుట్టించుకోని చిరుగు.

జరిగాను.
జరిగి, ఊరికే,
ఒక్క క్షణం
అటు తిరిగి నిలబడ్డాను.